కంపైలర్‌కి చెవుడొచ్చిన వారం

కళ్లజోళ్ల షాపులో అతన్ని సర్వజ్ఞుడు అనేవాళ్లు. అదీ వెనకాల. ఎదురుగా ఉంటే ‘సారూ’ అనేవాళ్లు. అతని చెవికి ఆ రెండోదే చేరేది కాబట్టి, తన గురించి లోకం ఏమనుకుంటోందో అతనికి ఎప్పుడూ సందేహం రాలేదు.

ఆ షాపులో కౌంటరు దగ్గర కూర్చునేది అతని చెల్లెలు. రెండు పిలుపులూ ఆమెకి వినబడేవి. నవ్వు వచ్చినప్పుడు బల్ల కిందికి వంగి, పడిపోని పెన్ను ఒకటి వెతుక్కునేది.

సర్వజ్ఞుడు ఇంట్లో ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని చిన్న చిన్న షాపులకి ప్రోగ్రాములు రాసేవాడు. రాసేది పాస్కల్ అనే భాషలో. మనిషి ఆ భాషలో రాసింది చదివి, యంత్రం నడిపే ప్రోగ్రాముగా మార్చిపెట్టే దాన్ని కంపైలర్ అంటారు. రాసినదాంట్లో తప్పుంటే ఫలానా వరసలో ఫలానా తప్పుందని అది చెబుతుంది. తప్పు కాకపోయినా అనుమానంగా ఉన్నచోట హెచ్చరిస్తుంది కూడా. ఇంత ఒద్దికైన జీవి ఆ ఇంట్లో ఇంకోటి లేదు. సర్వజ్ఞుడికి పడనిది కూడా అదొక్కటే.

“నాకు హెచ్చరికలిచ్చేంత మొనగాడా ఇది?” అని హెచ్చరికలన్నీ రాకుండా ఎప్పుడో ఆపేశాడు. అప్పట్నుంచి తన ప్రోగ్రాముల్లో అనుమానించాల్సింది ఏమీ లేదని నమ్మాడు. అద్దానికి గుడ్డ కప్పి, మొహం మీద మచ్చ పోయిందనుకునే రకం.

అతని ప్రోగ్రాములు వాడే షాపులు ఒక్కొక్కటే జారిపోయాయి. మందుల షాపువాళ్లు మానేస్తే వాళ్లకి తెలివి లేదన్నాడు. టైర్ల షాపువాళ్లు మానేస్తే వాళ్లకి రుచి లేదన్నాడు. ఆఖరికి మిగిలింది కళ్లజోళ్ల షాపు. అక్కడ చెల్లెలికి ఉద్యోగం వచ్చిందే ఆ ప్రోగ్రామును నడపగలిగిన మనిషి ఇంకెవరూ దొరక్క. ఏ గడిలో అంకె వేశాక ఏ మీట నొక్కకూడదో, ఎక్కడ నొక్కితే అంతా మాయమైపోతుందో ఆమెకి కంఠతా వచ్చు.

ఆ షాపు ఓనరు ఈమధ్య అద్దాలు అరగదీసే పనిని పక్క వీధిలోని గదికి మార్చాడు. ఇదివరకు డాక్టరు రాసిచ్చిన చీటీ చూసి అద్దాలు చేసేవాళ్లు. ఇప్పుడు కంప్యూటరు నుంచి వచ్చిన కాగితం ఒక్కటే ఆ గదికి వెళ్తోంది. వెళ్లడం మొదలైన కొద్ది రోజులకే గొడవ కూడా మొదలైంది.

మొదట వచ్చింది ఒక బస్సు డ్రైవరు. కొత్త కళ్లజోడు తీసి కౌంటరు మీద పెట్టాడు.

“ఇది పెట్టుకుంటే ముందున్న లారీ దూదిమూటలా కనిపిస్తోందమ్మా. తీస్తే లారీలాగే ఉంది. నాకెందుకిచ్చారిది, లారీల మీద భయం పోవడానికా?”

చెల్లెలు డాక్టరు చీటీ తీసి చూసింది. రెండు కళ్లకీ మైనస్ అర. కంప్యూటరు కాగితం తీసి చూసింది. రెండు కళ్లకీ ప్లస్ అర.

తర్వాత ఒక టీచరమ్మ వచ్చింది. ఆవిడది మైనస్ ముప్పావు. కాగితం మీద ప్లస్ ముప్పావు. ఆ తర్వాత ఇంకొకాయన. పవరు ఎక్కువున్న వాళ్లకి ఏమీ కాలేదు. ఒకటికి లోపు మైనస్ ఉన్నవాళ్లకే కళ్లు తారుమారయ్యాయి.

ఓనరు ఆమెని పిలిచాడు. బట్టతల, నెమ్మది మాట ఉన్న మనిషి. కోపం వస్తే మాట ఇంకా నెమ్మదవుతుంది.

“చూడమ్మా, మీ అన్నయ్యకి చెప్పు. ఈ శనివారం లోపు ఇది బాగవ్వాలి. లేకపోతే పెద్ద కంపెనీవాళ్ల రెడీమేడ్ ప్రోగ్రాం తెచ్చుకుంటాను. వాళ్లు ప్రోగ్రాంతో పాటు మనిషిని కూడా పంపిస్తారట.”

“మనిషినంటే నా కుర్చీలోకాండీ?”

“ఇంకో కుర్చీ వేసే చోటేదమ్మా ఇక్కడ?”

చెల్లెలు ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంగతి చెప్పింది. ఉద్యోగం పోతుందన్న మాట కూడా చెప్పింది. సర్వజ్ఞుడు రెండో మాట వినలేదు. మొదటి మాటకే ఒంటికాలి మీద లేచాడు.

“నా ప్రోగ్రాంలో తప్పా? మైనస్ పెట్టలేదంటే అది కంపైలర్ చేసిన వెధవపని. దానికి దశాంశాలు చేతకావు. మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా.”

“ఎవరికి చెప్పారు?” అంది వదిన వంటగదిలోంచి.

“అందరికీ!”

దశాంశాలు చక్కగా అచ్చువేసే ఏర్పాటు పాస్కల్‌లో ముందే ఉంది. దాన్ని వాడుకుంటే తనకీ మామూలు మనుషులకీ తేడా ఏముంటుందని సర్వజ్ఞుడు సొంతంగా ఒకటి తయారు చేశాడు. అంకెని చుక్క దగ్గర రెండు ముక్కలు చేసి, ముందుముక్క ఒకసారి, వెనకముక్క ఒకసారి అచ్చు వేయించాడు. మైనస్ ఒకటింబావు అయితే ముందుముక్క మైనస్ ఒకటి, వెనకముక్క పావు. బాగానే వచ్చేది. మైనస్ అర అయితే ముందుముక్క సున్నా. సున్నాకి మైనస్ ఉండదు. గుర్తు గాలికి పోయి, కాగితం మీద ఉత్త అర మిగిలేది. ఉత్త అర అంటే ప్లస్ అర. ఇదీ ఆ ఘనకార్యం.

తిట్టుకుంటూనే ఆ వరస దిద్దాడు. సరిగానే దిద్దాడు కూడా. ప్రోగ్రాము మళ్లీ తయారు చేయించి నడిపితే మైనస్ రాలేదు. ఇంకోలా దిద్దాడు. రాలేదు. ఆ భాగం మొత్తం చెరిపేసి మళ్లీ రాశాడు. కంపైలర్ ఎప్పటిలాగే మర్యాదగా, తప్పులేమీ లేవని చెప్పింది. మైనస్ మాత్రం రాలేదు.

“దీనికి చెవుడొచ్చింది,” అన్నాడు సర్వజ్ఞుడు. “నేను చెప్పేది వినడం లేదు.”

అన్నాక పరీక్ష మొదలుపెట్టాడు. ప్రోగ్రాంలో అక్కడక్కడా, ఆ చోటికి రాగానే తెర మీద చిన్న పెట్టెలో ఒక మాట కనబడేలా రాశాడు. మొదట మర్యాదగా ‘వినబడుతోందా’ అని రాశాడు. నడిపితే పెట్టె రాలేదు. దాన్ని చెరిపి, ఎడమకంటి భాగంలో ‘ఒరేయ్ చెవిటి వెధవా, ఇప్పుడైనా వినబడిందా?’ అని రాశాడు. రాలేదు. కోపం ఎక్కినకొద్దీ తిట్లు పెరిగాయి. ఎలాగూ వినేవాడు లేడన్న ధైర్యంతో, తిట్టాల్సిన వాళ్ల సంఖ్య కూడా పెరిగింది. చెల్లెలు పక్కనే నిలబడి చూసింది. అన్నయ్య ఇంత శ్రద్ధగా ప్రోగ్రాం రాయడం ఆమె అదివరకెన్నడూ చూడలేదు.

“అన్నయ్యా, శనివారం దగ్గరికొచ్చేసింది. తిట్లు తర్వాత రాయొచ్చు కదా.”

“నీకేం తెలుసే? దీన్ని డయాగ్నసిస్ అంటారు.”

“టీ తాగి చేసుకోమను ఆ డయాగ్నసిస్,” అంది వదిన. “పొద్దుట్నుంచీ పోట్లాడుతున్నారు. అవతలిది కనీసం నోరు కూడా విప్పడం లేదు. మా పెళ్లయిన కొత్తలో నేనూ ఇలాగే ఉండేదాన్ని.”

మర్నాడు సర్వజ్ఞుడు కంపైలర్‌ని తీసేసి మళ్లీ వేశాడు. ఫలితం లేదు. పాత రకం తెచ్చి వేశాడు. కొత్త రకం తెచ్చి వేశాడు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ, పాస్కల్‌ని నాశనం చేసిందే ఈ కంపైలర్లు రాసేవాళ్లని చెప్పాడు. కూరగాయల బండి అతను పాపం ఆ సంగతి నిలబడి మొత్తం విని, చివర్లో “టమాటాలు ఎన్ని ఇమ్మంటారు?” అనడిగాడు.

శుక్రవారం నాటికి డిస్కు నిండిపోయింది. సర్వజ్ఞుడికి ఒక అలవాటుంది. ఏ ప్రోగ్రాం దిద్దినా ముందు ఆ ఫోల్డరుకి నకలు తీసుకునేవాడు. వాటికి ‘చివరిది’, ‘అసలు చివరిది’, ‘ఇదే చివరిది’ అని పేర్లు పెట్టేవాడు. ఇప్పుడు చోటు కోసం ‘చివరిది’ అన్న ఫోల్డరు తీసి పారేసి, మళ్లీ కంపైలర్‌కి పని చెప్పాడు. ఈసారి అది వెంటనే తయారు చేయలేదు. ‘చివరిది’ ఫోల్డరులో ఉండాల్సిన ఫలానా ఫైలు కనబడడం లేదని ఫిర్యాదు చేసింది.

సర్వజ్ఞుడు కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఓరి నీ... ఇన్నాళ్లూ పాతదాన్ని చదువుతోందా!”

మాట బయటికే వచ్చేసింది. పక్కన బట్టలు మడతపెడుతున్న చెల్లెలికి అర్థమైంది. ఏ ఫోల్డరులో వెతకాలో కంపైలర్‌కి ముందే చెప్పిపెట్టాలి. సర్వజ్ఞుడు ఎప్పుడో ‘చివరిది’లో చూడమని చెప్పి మర్చిపోయాడు. అది బుద్ధిగా అక్కడే చూసి, అక్కడున్న పాత ముక్కనే తెచ్చి అతికించింది. ఇతనేమో ఇంకో ఫోల్డరులో దిద్దుకుంటూ, తిట్టుకుంటూ కూర్చున్నాడు. మాట వినకపోవడం కాదు, మరీ ఎక్కువగా వినడమే దాని నేరం.

సర్వజ్ఞుడు కంపైలర్ వెతకాల్సిన ఫోల్డరు పేరు మార్చి, తను దిద్దినదాన్ని చూపించాడు. కుడికంటి గడిలో మైనస్ అర వేసి అచ్చు తీశాడు. మైనస్ వచ్చింది. ఎడమకంటిని కూడా చూడడం అతని స్థాయికి తగినపని కాదు. కాగితం ఊపుకుంటూ వంటగదిలోకి వెళ్లాడు.

“చూశావా? కంపైలర్ పాడైపోయింది. నేను పట్టుకుని మొత్తం పీకి కొత్తది వేస్తే దారికొచ్చింది. ఇంకొకడైతే పట్టుకోగలిగేవాడే కాదు.”

చెల్లెలు మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టింది. తప్పు చేసినందుకు కాదు, తెలిసిన క్షణంలోనే దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దిన ఆ చురుకుదనానికి ఆమెకి ఒళ్లు మండింది. మిగతా పనుల్లో ఆ చురుకు ఏమైపోతుందో!

శనివారం పొద్దున్నే సర్వజ్ఞుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్‌డ్రైవు పెట్టుకుని షాపుకి వచ్చాడు. ప్రోగ్రాం ఎక్కించి, చేతులు కట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. అప్పటికే బస్సు డ్రైవరు తన కళ్లజోడు కోసం వచ్చి కూర్చున్నాడు. ఓనరు వచ్చి చెల్లెలి కుర్చీ వెనక నిలబడ్డాడు.

ఆమె కుడికంటికి మైనస్ అర వేసింది. తెర మీద కనిపించిన కాగితం నమూనాలో మైనస్ చక్కగా నిలబడింది.

“ఆఁ,” అన్నాడు ఓనరు.

“నేను చెప్పలా,” అన్నాడు సర్వజ్ఞుడు.

ఆమె ఎడమకంటికి అంకె వేసింది. తెర మధ్యలో పెట్టె తెరుచుకుంది. ‘ఒరేయ్ చెవిటి వెధవా, ఇప్పుడైనా వినబడిందా?’

డ్రైవరు మెడ చాపి పైకే చదివాడు. “నన్నేనా అమ్మా? నాకు తేడా కళ్లకే, చెవులు బాగానే ఉన్నాయి.”

ఆమె గబుక్కున పెట్టె మూసింది. మూయగానే దాని కింది నుంచి ఇంకోటి లేచింది. ‘బోడిగుండు ఓనరుకి మైనస్సుకీ ప్లస్సుకీ తేడా తెలుసా?’

ఈసారి డ్రైవరు కూడా చదవలేదు.

ఓనరు చాలా నెమ్మదిగా అడిగాడు. “ఏంటయ్యా ఇది?”

“అదీ... అది కంపైలర్ లోపమండీ,” అన్నాడు సర్వజ్ఞుడు. “ఒక్కోసారి అలా...”

“కంపైలర్‌కి నా బోడిగుండు సంగతి ఎవరు చెప్పారు?”

డ్రైవరు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. సర్వజ్ఞుడు టెక్నికల్ విషయమన్నాడు, పరీక్ష కోసమన్నాడు, పెద్దపెద్ద కంపెనీల్లో కూడా ఇలాగే జరుగుతుందన్నాడు. ఓనరు చెయ్యెత్తి ఆపాడు.

“అవన్నీ వద్దు. మైనస్ వచ్చింది, నాకు కావాల్సింది అదే. తిట్లు తీసేసి, ‘నా తప్పండీ’ అని ఒక్క మాట అను. నీ ప్రోగ్రామే ఉంచుకుంటాను. మీ చెల్లెలు ఆ కుర్చీలోనే ఉంటుంది.”

సర్వజ్ఞుడు చెల్లెలి వైపు చూశాడు.

ఆ చూపు ఏమిటో ఆమెకి తెలుసు. అతను మందుల షాపులో నోరు పారేసుకున్నప్పుడు వదిన వెళ్లి క్షమాపణ చెప్పింది. పక్కింటివాళ్లతో తగువైతే చెల్లెలు వెళ్లి చెప్పింది. ఆ ఇంట్లో తప్పులు చేసే పని అతనిదీ, ఒప్పుకునే పని ఆడవాళ్లదీ. ‘మా అన్నయ్య తరఫున నేను చెబుతున్నానండీ’ అన్న మాట ఆమె నాలుక చివరకి వచ్చేసింది కూడా. ఆ మాట అనేస్తే ఉద్యోగం నిలుస్తుంది. అనేస్తే రేపు ఇంకో ‘చివరిది’ తయారవుతుంది, దాని వెంట ఇంకో క్షమాపణ.

ఆమె మొహం తిప్పి తెర వైపు చూస్తూ కూర్చుంది.

సర్వజ్ఞుడు ఓనరు వైపు తిరిగాడు. “తప్పు నాదైతే కదండీ ఒప్పుకోవడానికి,” అన్నాడు చివరకి.

ఓనరు తలూపి ఫోను తీసి, ఎవరినో సోమవారం రమ్మన్నాడు. ఫోను పెట్టేసి ఆమె వైపు చూడలేక, కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

చెల్లెలు లేచి నిలబడింది.

“ఏమండీ, వాళ్లని ప్రోగ్రాం ఒక్కటే పంపమనండి. మనిషి వద్దు. అది నేను నేర్చుకుంటాను. రాకపోతే అప్పుడు మాన్పించండి.”

“నేర్చుకోగలవా?”

“మా అన్నయ్యది నేర్చుకున్నానండీ. లోకంలో అంతకంటే కష్టమైనది ఇంకోటి రాసుంటారా?”

డ్రైవరు ఇక దగ్గడం మానేసి బాహాటంగా నవ్వేశాడు. ఓనరు కళ్లజోడు పెట్టుకుని ఆమెని తేరిపార చూశాడు. అతని మూతి కూడా ఒక పక్కకి కదిలింది.

“సరే, అలాగే చెబుతాను. వారం చూస్తాను. కూర్చో.”

ఆమె కూర్చుంది. సర్వజ్ఞుడు పెన్‌డ్రైవు పీకి జేబులో వేసుకుని గుమ్మందాకా వెళ్లి ఆగాడు.

“అది ఏ కంపైలర్‌తో రాశారో కనుక్కున్నారా అసలు?”

ఆమె కంప్యూటరు కట్టేసి, తెల్లకాగితం ముందుకు లాక్కుని, డ్రైవరు కళ్లకి కావాల్సిన నంబర్లు రెండూ చేత్తోనే రాసి పక్క వీధికి పంపింది.