లైట్లడిగిన అక్క

మహబూబ్‌నగర్‌లో మేం పీజీ చదివేటప్పుడు హాస్టల్లో మాకొక సీనియర్ అక్క ఉండేది. కొత్తకోట దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబం వాళ్లది. మెస్‌లో ఎవరు ఎవరి మీద ఏం గొణిగినా, అక్క తినడం ఆపి ఒకటే అడిగేది: "గా మాట వాళ్లకు చెప్పినవా? చెప్పకుంటే వాళ్లకెట్ల తెలుస్తది?" మాకు ఒళ్లు మండేది.

ఆ ఏడాది యూనివర్సిటీ అధికారులు విద్యార్థుల అభిప్రాయాలు వింటామని సభ పెట్టారు. సెమినార్ హాలు నిండిపోయింది కానీ ఎవరూ నోరు విప్పలేదు. అక్క లేచింది.

"సార్, లైబ్రరీ నుంచి ఆడపిల్లల హాస్టల్ దాంక అంత చీకటే. కుక్కలు మీదికొస్తున్నయి. జర లైట్లు పెట్టియ్యుండ్రి."

వేదిక మీది పెద్దాయన నవ్వి, "అయితే అమ్మాయిలు ఆరింటికే హాస్టల్‌కు చేరేలా రూలు పెడదాం" అన్నారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

అక్క కూర్చోలేదు. "లైట్లడిగితే తాళమేస్తరా సార్? మాకు ఇంటికాడ పుస్తకాలు లేవు. గీ లైబ్రరీలనే చదవాలె."

వెనక వరుసలో నేను లేచాను, ఎందుకు లేచానో తెలియదు. నా పక్కమ్మాయి లేచింది. చూస్తుండగానే ఆడపిల్లలందరం నిలబడ్డాం. పెద్దాయన మా వైపు చూసి, "సరే, పెట్టిద్దాం" అన్నారు.

పరీక్షల ముందు స్తంభాలు పాతారు. లైట్లు వెలిగిన మొదటి సాయంత్రం మేమంతా లైబ్రరీ మూసేదాకా కూర్చున్నాం. ఎవరం పెద్దగా చదవలేదు. అక్క అయితే పుస్తకం మీద తల పెట్టి హాయిగా నిద్రపోయింది.