దర్బారు హాల్లో వాన

పాత భవనాల చరిత్ర తెలుసుకోవాలంటే ఒక టేపు, ఒక టార్చిలైటు, కాస్త గొప్పతనం చాలని నమ్మిన రోజులవి. ఇప్పుడు తల్చుకుంటే ఆ నమ్మకం మీద కోపం రాదు, జాలేస్తుంది. చదువైపోయిన కొత్తలో, మా పడమటి మండలాల్లోని జమీందారీ మిద్దెల వివరాలు రాసిపెట్టే పనిలో కుదిరాను. మదనపల్లెలో బట్టల అంగడి నడిపే మా నాన్న, "కూలిపోయే ఇండ్లు సూసేదానికి కూడా ఉద్యోగం ఇస్తారా?" అని నన్ను రెండుసార్లు అడిగి, నిజమేనని తేలాక అంగడికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాడు. నేను ఎక్కడికెళ్లినా ముందు ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. గారలో బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ ఎలా కలిపేవారో, పైన గవాక్షాలు ఎందుకు పెట్టేవారో ఏకబిగిన చెప్పేవాణ్ణి. పుంగనూరు దగ్గర ఒక మిద్దె కావలాయన అదంతా ఓపిగ్గా విని, చివర్లో తాళంచెవి తన దగ్గర లేదన్నాడు. కుప్పం వైపు చూసిన రెండు భవనాలకు తాళాలు భద్రంగానే ఉన్నాయి కానీ, లోపల కప్పులు కిందికొచ్చేశాయి. అలాంటివి చూసిన రోజు నాకు అన్నం సయించేది కాదు.

గంగవరం దాటాక ఒక పల్లెలో ఇంకా జనం కాపురముండే, నడుమ వాకిలి ఉన్న పెద్ద తొట్టి మిద్దె ఉందని, అందులో దర్బారు హాలు చెక్కుచెదరకుండా ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ముందురోజు పుంగనూరు లాడ్జిలో దోమలు పీక్కుతిన్నాయి కాబట్టి, పొద్దున్నే ఒంటినిండా దోమల క్రీము పట్టించి, దాని వాసన పోవడానికి చొక్కా మీద సెంటు కొట్టుకుని బయల్దేరాను. (పెళ్లిచూపులకు కూడా తర్వాత నేనంత సింగారించుకోలేదు.) ఆ ఇంటి పెద్ద కోడలిని ఊరంతా పెద్దక్క అనేవారు. ఆమె గుమ్మంలోనే నన్ను ఆపి, చెప్పులు వీధిలో వదలమంది, కాళ్లూ చేతులూ కడుక్కోమంది. గడప ముందు పరిచిన సున్నం మీద కాళ్లు పెట్టమంది. అంతలో నా వాసన తగిలినట్టుంది, ముఖం చిట్లించి, బావి దగ్గర స్నానం చేసి రమ్మని ఒక ఉతికిన పంచె చేతికిచ్చింది.

నా ఆనందం చెప్పనలవి కాదు. స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని దర్బారులో అడుగుపెట్టే రాజమర్యాద ఈ ఒక్క ఇంట్లో ఇంకా బతికుందని నిశ్చయించుకున్నాను. ఈ ఆచారం ఎప్పటిదని అడిగితే, తన మామ కాలం నుంచీ ఇంతేనని ఆమె మామూలుగా చెప్పింది. ఇంకేం కావాలి? చొక్కా బావి గట్టున ఆరేసి, ఒంటిమీద పంచెతో, సామంతరాజు నడకతో లోపలికి వెళ్లాను.

ఎండలోంచి వచ్చిన కళ్లకు మొదట ఏమీ కనిపించలేదు. చల్లదనం మాత్రం ఒంటికి తగిలింది. తలెత్తి చూస్తే టేకు దూలాలు, వాటి మీద సన్నటి దంతెలు, గోడల పైఅంచున చిన్న గవాక్షాలు. వేడిగాలి అక్కడినుంచే పోతుందని మనసులో ఉపన్యాసం సిద్ధం చేసుకుంటూ ఉంటే, ఉన్నట్టుండి వాన మొదలైంది. ఆకుల మీద పడే సన్నటి వాన, హాలంతా ఒకటే చప్పుడు. నాకున్న ఒక్క చొక్కా తడిసిపోతుందని గుర్తొచ్చి, రాజమర్యాద మరిచి బావి దగ్గరికి పరుగెత్తాను.

బయట ఎండ మండిపోతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏమీ అర్థంకాక, చొక్కా చంకలో పెట్టుకుని మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పెద్దక్క రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది.

"ఆ సొక్కా ఆడే పారెయ్యప్పా. గడప దాటావంటే నా పంట పోతాది."

ఏం పంటని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, చొక్కా నేను దూరంగా పెట్టొచ్చాక, లోపలికి పిలిచి ఒక తట్ట ముందుకు లాగింది. మల్బరీ ఆకు మీద వేలకు వేలు పట్టుపురుగులు. గోడల వెంబడి నేను చూడని తట్టలు కప్పుదాకా ఉన్నాయి. వాన అనుకున్నది, ఆమె అప్పుడే వేసిన ఆకును అవి నమిలే చప్పుడు. దోమల మందు గాలి సోకితే చాలు, అవి తల వాలుస్తాయట. ఆ సంగతి మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంగడిలో పట్టుచీరల మధ్య పెరిగిన నాకు తప్ప.

"నీకు తెలిసే వచ్చినావనుకొన్యా," అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించింది. "మా మరిది ఈ మిద్దె పడగొట్టి కల్యాణమండపం కడతానంటాండాడు. పోయిన పంట సచ్చిపోయింది. ఈ పంట నిలబడితే ఇంక దీని జోలికి రానని అందరి ముందరా మాటిచ్చినాడు. ఈ గోడలు సల్లగా ఉండబట్టే పురుగు బతుకుతాండాది సామీ. అది బతికితేనే ఈ గోడలు ఉండేది."

ఏ మిద్దె చరిత్ర రాయడానికి వచ్చానో, ఆ చరిత్రను చంకలో చొక్కాతో ముగించబోయాను. ఆరోజు కొలతలు తీసుకోలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఊరికి తిరిగొచ్చాక కూడా భయం వదల్లేదు. ఏదో ఒక వంకతో ఆమెకు ఫోన్ చేసేవాణ్ణి, పురుగుల మాట మాత్రం అడగలేకపోయేవాణ్ణి. చివరికి ఆమే చెప్పింది, "గూడు కట్టినాయిలేప్పా, ఇంక నిద్రపో" అని. నేను అంగడి గల్లా దగ్గరే కళ్లు తుడుచుకుంటే, మా నాన్న ఉద్యోగం పోయిందేమోనని కంగారుపడ్డాడు.

ఆ మరిది మాట మీద నిలబడ్డాడు. మొన్న మళ్లీ ఆ దారిన వెళ్లాను. పెద్దక్క నోరు తెరవకముందే బావి దగ్గరికి నడిచాను, స్నానం చేశాను, చొక్కా గట్టున ఆరేశాను. హాల్లోకి వెళ్లి కళ్లు మూసుకుని నిలబడితే అదే చల్లదనం, అదే చప్పుడు. అదేమిటో ఇప్పుడు నాకు బాగా తెలుసు. అయినా ఒక్క క్షణం, చొక్కా తడిసిపోతుందేమోనని గుమ్మం వైపు చూశాను.