మజ్జిగ పందిరి దగ్గర పడ్డ దెబ్బ

ఈ ఉదయం తిరుత్తణిలో, మా వార్డు నేతగాళ్ళ వీధిలో ఎండలకి ఉచితంగా మజ్జిగ పోసే పందిరి ప్రారంభించడానికి వెళ్ళాను. మగ్గానికి ఎక్కించాల్సిన పడుగు నూలును వీధి పొడవునా చాచి, గంజి పెట్టి ఆరబెట్టారు. అది ఆరేదాకా ఆ వీధిలోకి సైకిల్ కూడా రాదు. అక్కడే పుట్టిన కౌన్సిలర్ని, నాకు తెలియక కాదు. ఆలస్యమైందని, మైకు కట్టిన జీపును ఓరగా పోనిమ్మన్నాను.

పోగులు పటపటా తెగిపోయాయి. నేతగాళ్ళు డ్రైవర్ని కిందికి లాగి తన్నారు. నా వెంట వచ్చిన మా పార్టీవాళ్ళు పందిరి గుంజలు పీకి వాళ్ళ మీద పడ్డారు. ఒకతని చెయ్యి విరిగింది. కుండలు పగిలి మజ్జిగా నెత్తురూ కలిసి పారాయి. అడ్డం వెళ్ళిన నా నుదుటి మీద కర్రతో ఒక్కటి పడింది. కొట్టింది ఆ పడుగు వేసిన కన్నియమ్మక్క.

"అక్కా, నేను, కౌన్సిలర్ని."

"తెలుసు నాయనా. తెలిసే కొట్టినాను. జీపుని రమ్మనింది నువ్వే కదా."

ఆసుపత్రిలో నాకు నాలుగు కుట్లు పది నిమిషాల్లో వేసేశారు. సాయంత్రం వెళ్ళి చూస్తే ఆమె ఇంకా తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతూ కూర్చుని ఉంది. పోలీసు కేసు పెట్టమని మావాళ్ళు ఒకటే గోల. ఎవరి మీద పెట్టమంటారో మీరే చెప్పండి.