అరచేతిలో నూనె

మా వదిన కిడ్నీ ఇస్తానని ఎవరూ అడగకముందే చెప్పింది. మిషన్ మీద నెత్తురు శుభ్రం చేయించుకుంటూ బతుకుతున్న తమ్ముణ్ణి, అంటే మా ఆయన్ని చూసి, "నాకు రెండున్నాయి కదా, ఒకటి తీసుకోండి" అంది డాక్టరుతో. పరీక్షలన్నీ కలిశాయి. బరువు దగ్గర ఆగిపోయింది. ఇంత లావుగా ఉంటే కోత పెట్టను, ఎనిమిది కిలోలు తగ్గి రండి అన్నాడాయన.

తగ్గించే పని నా నెత్తిన పడింది. వదిన మా పై వాటాలో ఒక్క గదిలో ఉంటుంది. మిల్లు క్యాంటీన్లో వంట ఆమెదే. అక్కడి తిండి ముట్టనని మాటిచ్చింది కాబట్టి పొద్దుటి ఫలహారం, మధ్యాహ్నం డబ్బా, రాత్రి భోజనం అన్నీ నా చేతి మీదుగానే.

"నూనె దగ్గరే అందరూ బోల్తా పడతారు" అంది ఆసుపత్రిలో పథ్యం చెప్పే అమ్మాయి. "చెంచాతో కొలవకండి, ఇంటికో సైజు చెంచా ఉంటుంది. తూకం వెయ్యండి. గ్రాముకి తొమ్మిది కేలరీలు." ఖరీదైన నూనెలో తక్కువుంటాయేమోనని అడిగాను. ధరలోనే తేడా, కొవ్వు అంతే అంది.

చిన్న కాటా కొన్నాను. నూనె సీసా దాని మీద పెట్టి సున్నా చేయాలి. మూకుట్లో పోశాక సీసా మళ్లీ పెడితే ఎంత పోయిందో అదే చూపిస్తుంది. వదిన వాటాకి పూటకి ఐదు గ్రాములు. మూకుడికి అంటుకున్నది కూడా ఆమె లెక్కలోనే వేశాను. అంత పిసినారిగా నేను డబ్బు కూడా ఎప్పుడూ ఖర్చు పెట్టలేదు.

రెండు నెలలు గడిచినా వదిన కిలో కూడా తగ్గలేదు. మా ఆయన మాత్రం మిషన్ దగ్గర్నుంచి వచ్చిన ప్రతిసారీ పిండేసిన గుడ్డలా గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా లెక్క తప్పడానికి వీల్లేదు. ఈవిడే ఎక్కడో తింటోంది, ఇవ్వడానికి మనసొప్పక తింటోంది అనుకున్నాను. అనుకుని ఊరుకునే రకం కాదు నేను.

"ఇష్టం లేకపోతే ఒక్క ముక్క చెప్పేయొచ్చు కదా వదినా" అన్నాను అన్నం పెడుతూ.

ఆమెకి కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి. "నాకూ అంతు పట్టట్లేదమ్మాయ్" అని కంచం కడిగి, మోకాలు పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా ఇచ్చే వంకతో కాస్త ముందుగానే మిల్లుకి వెళ్లి, క్యాంటీన్ వంటగది గుమ్మంలో నిలబడ్డాను. గుండిగల్లో కూరలు ఉడుకుతున్నాయి. వదిన గరిటెతో పైపైన తేరిన పులుసు తీసింది. అరచేతిలో పోసుకుని నాలుకకి రాసుకుంది. ఉప్పు వేసింది. మళ్లీ పైనుంచే తీసింది, మళ్లీ నాకింది. పక్క గుండిగ దగ్గరా అంతే. గుండిగ పైన తేలేది నూనె కాక ఇంకేమిటి?

"వదినా, ఏం తింటున్నారు?"

"ఏం తిన్నాను?" అంది నిజంగానే తెల్లబోయి. "ఉప్పు చూస్తున్నాను."

ఇన్నేళ్లుగా వండుతున్న మనిషికి రుచి చూడటం తిండి కిందికి రాలేదు. నేను గాజు గ్లాసు ఇచ్చి, ఇకనుంచి చేతిలో పోసుకునేదంతా ఇందులో పోయమన్నాను. వంట ముగిసేసరికి గ్లాసు సగం దాటింది. కదపకుండా ఉంచితే నూనె ఎర్రగా పైకి తేరింది. దాన్ని మెల్లగా వంచి, క్యాంటీన్లో ఉన్న చిన్న కాటా మీద తూచాను. నలభై గ్రాములు. ఇంట్లో ఐదు గ్రాముల కోసం నేను సీసాతో కుస్తీ పడుతున్నాను.

వదిన కాటా వంక చూస్తూ నూనె డబ్బా మీద కూలబడింది. "వాడి ప్రాణం నా అరచేతిలో పోసుకుని నాకేశానా అమ్మాయ్" అంది.

"రుచి చూసి ఉమ్మేయండి" అన్నాను.

"పదిమంది తినే వంట దగ్గర ఉమ్మటమా, బాగానే ఉంది."

ఆ రోజు నుంచి వదిన రుచి చూడలేదు. కూర తరిగే మనిషిని చూడమంటే ఆవిడకి అన్నీ బాగానే ఉండేవి. ఉప్పు ఎక్కువైతే తీయలేం కదా అని వదిన తక్కువే వేసి, బల్లల మీద ఉప్పు డబ్బాలు పెట్టించింది. ఎన్నడూ మాట పడని మనిషి రోజూ మాట పడుతూ ఇంటికొచ్చేది. బరువు మాత్రం కదిలింది. విసుగ్గా, నెమ్మదిగా, మా ఓపికంతా తోడేసి, చివరికి ఎనిమిది కిలోలూ దిగింది.

ఆపరేషన్‌కి ఆసుపత్రి నుంచి కబురొస్తే చెప్పడానికి నేనే క్యాంటీన్‌కి వెళ్లాను. వదిన విని తల ఊపింది. సంతోషపడే ఓపిక ఇద్దరికీ లేదు. అంతలో ఒక కార్మికుడు కంచం పట్టుకుని వచ్చాడు.

"నీ నాలుకకి ఏమొచ్చింది పెద్దమ్మా? గడ్డి తిన్నట్టుంది."

"మా తమ్ముడికి ఇచ్చేశాను" అంది వదిన గరిటె కడుగుతూ. "కిడ్నీ వచ్చే వారం ఇస్తాను."

అతను బల్ల దగ్గరికి వెళ్లి, ఉప్పు చల్లుకుని, తల వంచుకుని తిన్నాడు.

వదిన నా వైపు తిరిగింది. "నిజం చెప్పమ్మాయ్, అంత తక్కువైందా?"

గరిటెడు తీసుకుని నోట్లో పోసుకున్నాను. చప్పగా ఉంది.

"సరిగ్గా సరిపోయింది వదినా" అన్నాను.