పెద్దమ్మ తలలో మేస్త్రీలు

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మా ఇంట్లో ఆ సామెత కొంచెం దారి తప్పింది. చదివింది నేను, ప్రాణం మీదికొచ్చింది మా పెద్దమ్మకు. ఇంట్లో కూర్చుని కాస్త సైన్సు చెప్పబోయి, బేస్తవారిపేట పక్కనున్న మా పల్లెలో చర్చి మొత్తాన్నీ ఎలా తలకిందులు చేశానో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కానీ బీపీ ఉన్నవాళ్లు ముందు లేచి మాత్ర వేసుకుని రండి.

అప్పుడు నేను హైదరాబాదులో పీహెచ్‌డీలో కొత్తగా చేరాను. మెదడులోని రక్తనాళాలకు లోపలి గోడగా ఉండే కణాల మీద నా పని. దానికో కారణం ఉంది. మా పెదనాయన మిరప చేనుకు నీళ్లు కట్టడానికి పోయి, మెదడులో నరం చిట్లి అక్కడే పడిపోయాడు. మళ్లీ లేవలేదు. ఆ చిట్లడం సంగతేదో తేల్చకుండా వదలనని పట్టుబట్టి ఆ చదువులో చేరాను. అంతటితో ఊరుకోవచ్చు కదా! ఏ శాస్త్రాన్నైనా తెలుగులో ఎవరికైనా చెప్పొచ్చని ఇంకో పట్టు. తోటివాళ్లు నవ్వితే, "మా పెద్దమ్మకు చెప్పి, ఆమెతో ఔననిపించుకుని వస్తా" అని సవాలు విసిరి బస్సెక్కాను.

మా పెద్దమ్మ రాహేలమ్మ. వయసంతా మిరపకాయల కోతలకు, కంది చేలకు కూలికి పోయిన మనిషి. పెదనాయన పోయాక ఆమెకూ బీపీ ఉందని తేలింది. రోజూ పొద్దున మాత్ర వేసుకుంటుంది.

"ఇంతకీ నువ్వు చదివేది ఏంది పాపా?" అని తనే అడిగింది.

ఇక ఆగుతానా? కింద నేల చూపించాను. "ఈ నాపబండలు చూడు పెద్దమ్మా. సందు లేకుండా పరిచినారు గదా? మెదడులో రక్తం పారే గొట్టాల లోపల కణాలు గూడా ఇట్లనే ఒకదాన్నొకటి ఆనుకోని ఉంటాయి. సందు పడిందనుకో, రక్తంలో ఉండే చెడంతా మెదడులోకి దిగుతాది."

"ఈ మూల సందులోంచి చీమలు వచ్చినట్ల."

"అట్లనే! ఆ సందు పడకుండా చూసేవాటిలో ఆర్‌ఎన్‌ఏ అని ఒకటి ఉండాది. మామూలు ఆర్‌ఎన్‌ఏ అయితే ప్రోటీన్ తయారీకి పనికొస్తాది. నేను చూసే రకం నుంచి ఏ ప్రోటీనూ తయారు కాదు. ఏ పని మొదలుపెట్టాల, ఏ పని ఆపాల అని అజమాయిషీ మాత్రం చేస్తాది."

పెద్దమ్మ వక్క నమలడం ఆపింది. "అంటే కాయ కొయ్యదు, బుట్ట మొయ్యదు. గట్టు మీద నిలబడి ఈ సాలు కొయ్యండి, ఆ సాలు వదిలెయ్యండి అంటాది."

"అదే పెద్దమ్మా!"

"కూలోళ్ల మేస్త్రీ గదే వాడు!"

నేను గంతేశాను. నాన్ కోడింగ్ ఆర్‌ఎన్‌ఏకి అంతకన్నా మంచి తెలుగు నాకు తెలిసిన పండితులెవరూ చెప్పలేరు.

"మరి వానికి కూలి ఎవరిస్తారు?" అంది పెద్దమ్మ.

"ఎవురూ ఇయ్యరు. మనం పుట్టినప్పటి నుంచి మన తలలోనే ఉండి పని చేయిస్తాడు."

ఈ ఆఖరి మాట ఉంది చూశారూ, నేను కొరివి తీసుకుని పెద్దమ్మ తల గోకింది అక్కడే. ఆ సంగతి నాకు ఆదివారం దాకా తెలియలేదు.

మా చర్చిలో పాస్టరు గారు వాక్యం చెప్పడం అయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. ఆ వారం మేలు పొందినవాళ్లు లేచి చెబుతారు, సంఘమంతా "స్తోత్రం" అంటుంది. అక్కడ లేచి చెప్పిన మాట దేవుని ముందు చెప్పినట్టే. వెనక్కి తీసుకోవడం మావాళ్ల ఇంటావంటా లేదు. పెద్దమ్మ లేచింది.

"మా సునీత పెద్ద చదువు చదువుతుండాది. దేవుడు మన తలకాయల్లో మేస్త్రీలను పెట్టినాడంట. కూలి లేకుండా రక్తం గొట్టాలను కాస్తుంటారంట!"

"స్తోత్రం!" అంది సంఘం. నేను వినయంగా తల వంచుకున్నాను.

"బుధవారం నుంచి బీపీ మాత్ర మానేసినా!"

"స్తోత్రం!"

వంచిన తల వంచినట్టే బిగుసుకుపోయింది.

"ఒక చేలో ఇద్దరు మేస్త్రీలు ఉంటే ఏమైతాది? ఒకడు కొయ్యమంటాడు, ఒకడు వద్దంటాడు, కాయ చెట్టు మీదనే ఎండిపోతాది. లోపలి మేస్త్రీ ఉండంగా బయట మేస్త్రీని మింగేది ఎందుకని మాత్రలన్నీ దిబ్బలో పారేసినా. ఇంక సచ్చేదాకా ముట్టను!"

వెనక వరసలోంచి ఒక తాత ఆశగా అడిగాడు. "షుగరుకు గూడా మేస్త్రీ ఉండాడా పాపా?"

నాకు పెదనాయన గుర్తొచ్చాడు. నిజంగా భయం వేసింది. "వద్దు! మాత్ర మానకూడదు!" అని అరిచాను.

"అమ్మా సునీతా, సాక్ష్యం మధ్యలో అట్ల అరవకూడదు. ముందుకొచ్చి చెప్పు" అన్నారు పాస్టరు గారు.

పోయాను. ఈసారి తప్పు దొర్లకుండా చెప్పాలని గట్టిగా అనుకున్నాను. "ఆ మేస్త్రీల గురించి మాకే ఇంకా పూర్తిగా తెలీదు. నేను గిన్నెలో పెంచిన కణాల్లో చూస్తుండా. కొందరు ఎలకల్లో చూసినారు, అంతే."

"ఎలకల్లోనా?" పెద్దమ్మ తల పట్టుకుంది. "నా తలకాయలో ఉండేది ఎలకల మేస్త్రీనా?"

చర్చంతా గొల్లున నవ్వింది.

"కాదు పెద్దమ్మా, నీది మనిషి మేస్త్రీనే!"

"మరింకేంది? ఉండాడు గదా!"

నేను బాగుచేయబోయిన ప్రతిదీ ఇంకాస్త చెడిపోతోంది. అయినా ఆమెతో మాత్ర మింగించకుండా ఆ చోటు నుంచి కదలకూడదనుకున్నాను.

"పెద్దమ్మా, బోరు నీళ్లు ఒక్కసారిగా జోరుగా వదిలితే కాలవ గట్టు ఏమైతాది?"

"తెగిపోతాది."

"గట్టు మీద మేస్త్రీ ఉంటే?"

"వాడు గూడా కొట్టుకపోతాడు."

"నీ బీపీనే ఆ జోరు. మాత్ర మేస్త్రీ కాదు, జోరు తగ్గించే మనిషి. పెదనాయన తలలో మేస్త్రీలు లేకనా? ఉండారు. జోరు తగ్గించే మనిషే లేకపాయె."

ఆ మాట అనేసరికి నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు చెప్పేది నిజమే పాపా. కానీ దేవుని ముందర ముట్టనని చెప్పినా గదా. ఇప్పుడెట్ల మింగేది?"

అందరం పాస్టరు గారి వైపు చూశాం. ఆయనే దారి చూపించారు. "రాహేలమ్మా, నీకు చెప్పినోళ్లే తప్పు చెప్పినామని సంఘం ముందర ఒప్పుకుంటే, నీ మాట నీకు అడ్డం రాదు."

ఇప్పుడు అందరూ నా వైపు చూశారు. "సగం గూడా తెలీకుండానే అంతా తెలిసినట్టు చెప్పినా. తప్పు నాదే" అన్నాను.

"స్తోత్రం!" అంది సంఘం. ఆ రోజు మొత్తం మీద అంత గట్టి స్తోత్రం ఇంకొకటి లేదు.

పాస్టరు గారి బండి మీద బేస్తవారిపేట పోయి మాత్రలు తెచ్చాను. పెద్దమ్మ చర్చి మెట్ల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా మాత్ర మింగి, నోరు తెరిచి చూపించింది. షుగరు తాత కూడా పక్కనే నిలబడి చూశాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా అని అడుగుతున్నాను. మొన్న పెద్దమ్మకు విసుగొచ్చింది.

"నీళ్లు తెచ్చుకున్నది నేను, మాత్ర మింగింది నేను. నువ్వు ఆడ కూసోని మింగు, మింగు అంటావు. కాయ కొయ్యవు, బుట్ట మొయ్యవు. నువ్వు చదివేదాని పేరు ఏందన్నావు?"

"నాన్ కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ, పెద్దమ్మా."

"నువ్వు అదే!" అని ఫోన్ పెట్టేసింది.

కాబట్టి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెద్దమ్మకు సైన్సు చెప్పాల్సి వచ్చినా, ముందు ఆమెతో మాత్ర వేయించి, నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసి, ఆ తరువాతే నా నోరు తెరుస్తాను. మీరు కూడా ఒకసారి స్తోత్రం అనండి.