సత్తెమ్మ గ్లాసులో నీళ్ళు

పట్టపగలు, తలుపులు బార్లా తెరిచి ఉండగా, నలుగురం ఉన్నచోట ఒక గ్లాసులోని నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. ఆ పక్కనే, అదే కుండలోంచి ముంచిపోసిన మూడు కప్పుల నీళ్ళు తేటగానే ఉన్నాయి. ఆ గ్లాసు కొద్దిరోజుల ముందు చనిపోయిన ఒక తొమ్మిదేళ్ళ పిల్లది. పేరు సత్తెమ్మ.

ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, అప్పుడు వెలుతురు ఎంత ఉందని అడిగే మనిషిని నేను. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ అలాంటి కబుర్లు నా బల్ల మీదికి వస్తూనే ఉండేవి. వెళ్ళి చూస్తే ఒకచోట గుడ్లగూబ, మరోచోట ఊడిపోయిన కిటికీ రెక్క. నమ్మకపోవడం నాకు పట్టుదల కాదు, అలవాటు. ఈ సంగతి ఇన్నేళ్ళూ రాయకపోవడానికి అదీ ఒక కారణం.

అవి యాభైల నాటి రోజులు. పాతబస్తీలో కొందరు ఇంజనీర్లు ఆదివారాలు సొంతంగా గల్లీల్లో తిరిగేవారు. మిగతా రోజులు సర్కారు కొలువు. ఆదివారం మాత్రం బావులు చూడటం, మురుగునీటి మోరీలు కట్టించడం, బస్తీవాళ్ళతో కలిసి పార పట్టి నల్లా పైపులకు మట్టి తవ్వడం. శ్రమదానం అనే మాట అప్పట్లో ఊరంతా వినబడేది. జనం వీళ్ళకు ‘ఇత్వార్ ఇంజనీర్లు’, అంటే ఆదివారం ఇంజనీర్లు, అని పేరు పెట్టారు. వాళ్ళ గురించి రాద్దామని నేను వెంట వెళ్ళేవాణ్ణి.

వాళ్ళలో జహీర్ అనే ఆయనతో నాకు స్నేహం కలిసింది. బక్కపలచటి మనిషి, ముప్పై దాటి ఉంటాయి. దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఆయన అడుగు పెట్టగానే ఖాజాబీ అనే పెద్దామె గుమ్మంలోంచి అందుకునేది.

“ఏంది సాబ్, ఇత్వార్ గూడ బేగం ఇంట్ల ఉండనిస్తలేదా?”

“ఉంటె ఉల్లిగడ్డలు కోయమంటది ఖాజాబీ. గా లొల్లి కంటె మీ మోరీయే నయం.”

ఆ ఎండాకాలం గల్లీలోకి గత్తర వచ్చింది. కలరాను అక్కడ అలాగే అంటారు. కొందరు పడి లేచారు. సత్తెమ్మ లేవలేదు. పొద్దున వాంతులు మొదలైతే చీకటి పడేలోగా అయిపోయింది. తండ్రి బాలయ్య రైలు పట్టాల మీద గ్యాంగు కూలీ. తల్లి లచ్చమ్మ. ఆ పిల్ల తప్ప వాళ్ళకు వేరే సంతానం లేదు.

వాళ్ళ వాకిట్లో బాలయ్య తాత తవ్విన బావి ఉంది. నల్లా పెద్దరోడ్డు మీద ఎక్కడో ఉండటంతో గల్లీలో సగం ఇళ్ళు ఆ నీళ్ళే తాగేవి. బావికి కొంచెం దూరంలో గోడ, గోడకు అవతల పక్కింటివాళ్ళ పాయఖానా గుంట. అది చూడగానే జహీర్ ముఖం మారింది.

లచ్చమ్మ గడప దాటకుండా లోపలినుంచే అడిగింది.

“సాబ్, బిడ్డ దూప దూప అని ఒకటే ఏడ్సింది. సల్లగ ఉంటయని అప్పటికప్పుడు చేదిన. అడిగినప్పుడల్ల పోసిన. గా నీళ్ళే నా బిడ్డను తిన్నయా?”

జహీర్ బావి వైపు తిరిగాడు. “చూస్తనమ్మా. చూసినంకనే చెప్త,” అన్నాడు.

చూడటానికి వాళ్ళకొక పద్ధతి ఉండేది. ఇటుకపొడిలాంటి ఒక రంగు తెచ్చేవారు. నీళ్ళలో పడితే మెరిసే ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని నీళ్ళలో కలిపి గుంటలో పోసి, బావిని కనిపెట్టి ఉండాలి. గుంటలోని మురికి భూమిలోంచి బావికి చేరుతుంటే, దాంతో పాటే రంగూ వస్తుంది. ఆ ఆదివారం రంగు పోశాం. సంగతి తేలేదాకా బావి నీళ్ళు ఎవరూ తాగొద్దని జహీర్ ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. లచ్చమ్మ బయటికి వచ్చే స్థితిలో లేదు. ఆ ఇంటికి రోడ్డు మీది నల్లా నుంచి కుండతో నీళ్ళు తెచ్చే పని ఖాజాబీ తన నెత్తిన వేసుకుంది.

ఆ వారమంతా జహీర్ కొలువు నుంచి ఇంటికి పోతూ అక్కడ ఆగేవాడు. బొక్కెనతో చేది, నీళ్ళు తెల్లటి కప్పులో పోసి వెలుతురుకు ఎత్తి చూసేవాడు. కొన్నిసార్లు నేనూ ఉన్నాను. గల్లీ జనం మూగేవాళ్ళు.

“రంగు నీళ్ళొస్తె చెప్పుండ్రి సాబ్, షర్బత్ జేసి అమ్ముకుంటం,” అన్నాడొక కుర్రవాడు.

“నోర్ముయ్‌రా. ఆ తల్లి వింటది,” అని కసిరింది ఖాజాబీ.

బావి నీళ్ళు తేటగానే ఉన్నాయి. మరుసటి ఆదివారం దాకా ఏ రోజూ రంగు ఛాయ కూడా లేదు. అడుగు నుంచి తోడించి కూడా చూశాడు. ఇక అనుమానం అక్కరలేదనుకున్నాక గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మా, గుంట నీళ్ళు మీ బాయిలకు వస్తలేవు. బాయి తప్పేం లేదు.”

“నిజంగనా సాబ్? నేను పోసిన నీళ్ళు కావా?”

“కావమ్మా.”

లచ్చమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. బిడ్డ పోయిన దగ్గర్నుంచీ ఆమె ఏడవడం అదే మొదలని ఖాజాబీ నా చెవిలో చెప్పింది. ఆ ఏడుపు వినడం కష్టంగా ఉన్నా, జహీర్‌కూ నాకూ గుండె తేలికపడిందనే చెప్పాలి.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లోపలి మూలకు వెళ్ళింది. ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన తాగే నీళ్ళు ఉంచి, రోజూ మార్చడం వాళ్ళ ఆనవాయితీ. చిన్నపిల్ల కదా, అంత దూరం అక్కర్లేదని పెద్దలు అన్నా లచ్చమ్మ మానలేదు. ఆ నీళ్ళు పోసింది లోపల తెల్లటి పూత ఉన్న ఇనుప గ్లాసులో. సత్తెమ్మ రోజూ తాగే గ్లాసే అది. చివరిరోజు కూడా అందులోనే తాగింది.

లచ్చమ్మ గ్లాసులోకి ఒకసారి చూసింది. గ్లాసును రెండు చేతులా పట్టుకుని ఎండలోకి వచ్చింది.

“ఇదేంది సాబ్?”

నీళ్ళు చిలకపచ్చగా మెరుస్తున్నాయి. అవి పొద్దున ఖాజాబీ తెచ్చిన కుండలోంచి పోసిన నల్లా నీళ్ళు.

జహీర్ మొదట తన చేతులు చూసుకున్నాడు. నీళ్ళు పచ్చబడటానికి ఆ రంగు రవ్వంత తగిలినా చాలు. కానీ ఆయన ఆ గదిలోకి ఎన్నడూ వెళ్ళలేదు. పొడి పొట్లం ఆయన ఇంట్లోనే ఉంది. తాను దేన్నీ ముట్టుకోకుండా ఖాజాబీ చేత గ్లాసు బూడిదతో తోమించి, మరిగించిన నీళ్ళతో కడిగించాడు. ఆమె ఇంటినుంచే మూడు పింగాణీ కప్పులు తెప్పించాడు. నాలుగింటిలోనూ ఒకే కుండ నీళ్ళు పోయించి ఆ మూలనే వరసగా పెట్టించాడు. గాలికి ఏదైనా వచ్చి పడేదైతే అన్నిట్లోనూ పడాలి కదా అన్నాడు.

మేం వాకిలి వైపు గడప దగ్గర కూర్చున్నాం. మేమంతా రెప్ప వేయకుండా చూశామని చెప్పను. ఖాజాబీ తన కోడలి గురించి ఏదో అంటుంటే నేను అటు తిరిగాను. జహీర్ చెమట తుడుచుకుంటున్నాడు. లచ్చమ్మ మాత్రం గోడకు ఆనుకుని అటే చూస్తూ ఉంది. మా ముందునుంచి ఎవరూ లోపలికి పోలేదు. ఆ గదికి మరో దారి లేదు.

“వచ్చింది,” అంది లచ్చమ్మ.

మేం తల తిప్పేసరికి గ్లాసు పచ్చగా ఉంది. కప్పుల్లో నీళ్ళు మామూలుగా ఉన్నాయి.

ఖాజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జహీర్ గ్లాసు ఎత్తి వాసన చూసి, కింద పెట్టేశాడు. లచ్చమ్మ ఆయనను ఓదారుస్తున్నట్టు మాట్లాడింది.

“నువ్వు బాయిని అడిగినవు సాబ్. తాగింది నా బిడ్డ. దాన్నే అడగాలె.”

ఆ సాయంత్రమే బావి పూడ్చాలని బాలయ్య దగ్గర పట్టుబట్టింది. తాత తవ్విన బాయిని ఎట్ల పూడ్సుదునే అని ఆయన చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆఖరికి తనతో పనిచేసే గ్యాంగువాళ్ళను పిలుచుకొచ్చాడు. పూడ్చేముందు జహీర్ గోడ వెంట, బావికీ గుంటకూ మధ్య, లోతుగా తవ్వించి చూశాడు. పొడిబండ తగిలింది. పగులు లేదు, తడి లేదు. రంగూ లేదు. ఆ తర్వాత రాళ్ళూ మట్టీ పోశారు. పోస్తున్నంతసేపూ లచ్చమ్మ అక్కడే నిలబడింది. ఆ రోజు తర్వాత గ్లాసులో నీళ్ళు మళ్ళీ రంగు మారలేదట.

కొన్నాళ్ళకు ఇత్వార్ ఇంజనీర్లూ బస్తీవాళ్ళూ కలిసి గల్లీలోకి నల్లా లాక్కొచ్చారు. నేను దాని గురించే రాశాను. గ్లాసు సంగతి రాయలేదు. రాస్తే ఎవరైనా అడిగే ప్రశ్నలన్నీ నాకు ముందే తెలుసు. 

చాలా ఏళ్ళకు జహీర్‌ను అడిగాను. “నా బట్టల మీదికెల్లి రవ్వ పడ్డదేమో భాయ్,” అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు, “కప్పులల్ల ఎందుకు పడలే మరి?” 

లచ్చమ్మ ఒకసారి నల్లా దగ్గర కనబడి నన్ను గుర్తుపట్టింది. జుట్టు నెరిసింది. బిందె నిండేదాకా ఆ మాటా ఈ మాటా చెప్పి, గొంతు తగ్గించి అడిగింది.

“సారూ, సాబ్ మొదలు చెప్పిందే నిజమేమో? నేను పోసిన నీళ్ళు కావేమో?”

నేను నల్లా కట్టేశాను. ఆమె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

బావి పూడ్చిన ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గుంట పొంగింది, మోరీలు పొంగాయి. ఆ చుట్టుపక్కల బావులన్నిట్లోనూ జహీర్ నీళ్ళు చేదించి చూశాడు. మేం గుంటలో పోసిన రంగు ఆ గ్లాసులో తప్ప మరెక్కడా బయటపడలేదు.