థిన్నర్ తాగిన కత్తివీరులు

నా చేతికి థిన్నర్ గుడ్డ ఇచ్చి మీరు పక్కకు తిరిగారంటే, మళ్లీ చూసేసరికి మీ వస్తువు ఉండదు. ఉన్నా గుర్తుపట్టలేరు. గొప్ప కోసం చెప్పడం లేదండీ, సిగ్గుతో చెబుతున్నాను. మీరు నవ్వండి, నాకు అభ్యంతరం లేదు. నవ్వే పనే చేశాను.

తొంభైల నాటి సంగతి. నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులు పూయడం నా పని. వయసు ఇరవై ఆరు, బుద్ధి ఆరు. మా గోడ పక్కిల్లు యాకూబ్ భాయ్‌ది. దుబాయిలో మేస్త్రీ, రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. ఆసారి తన తొమ్మిదేళ్ల కూతురు షబానాకు అరచేతిలో పట్టే ఆటమిషన్ తెచ్చాడు. అందులో ఇద్దరు కత్తులు దూసి కొట్టుకుంటారు. ఒక్కొక్కణ్ని ఓడిస్తూ పోతే చివరికి మూడు ప్రాణాల నల్లముసుగువాడు వస్తాడు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని తండ్రి మనిషిని అటూ ఇటూ నడిపేవాడు, కూతురు కత్తి మీట నొక్కేది. అలా రెండు నెలలు కొట్టి కొట్టి చివరివాడిదాకా వచ్చారు.

తెల్లారితే భాయ్ దుబాయి విమానం కోసం బొంబాయి బస్సెక్కాలి. ఆ రోజు పొద్దున తండ్రీకూతుళ్లు భైంసాలో చుట్టాలకు చెప్పి రావడానికి బయలుదేరారు. నేను సిగ్గు లేకుండా ఎదురెళ్లాను.

"భాయ్, మీరొచ్చేదాంక గా మిషన్ జర నాకిచ్చిపోరాదు."

భాయ్ వెంటనే సరేనన్నాడు. షబానా మాత్రం మిషన్ వదల్లేదు. ఆమెకు తండ్రి 'అబ్బా', నేను 'మామూ'.

"మామూ, నల్లముసుగోన్ని ముట్టొద్దు. వాడు మాకు. పొద్దుమూకి నేను, అబ్బా కలిసి కొడ్తం."

"వాని దిక్కు సూడనే సూడ, బిడ్డా."

నిజంగానే చూడలేదు. మొదటివాడి చేతిలోనే పదిహేడుసార్లు చచ్చాను. పులిబొమ్మలకు పసుపు రంగు పూయడం, చావడం, మళ్లీ పూయడం. మధ్యలో చేతులు కడుక్కోవాలన్న ఇంగితం ఉంటే ఈ కథే లేదు. పద్దెనిమిదోసారి కత్తి మీట లోపలికి పోయి మరి పైకి రాలేదు. దాని చుట్టూ పసుపు రంగు గడ్డకట్టింది.

మా పనిలో రంగు దేనికి అంటినా మందు ఒక్కటే, థిన్నర్. గుడ్డ తడిపి తుడిచాను. మీట టక్కున లేచింది. అక్కడితో ఆగితే అది నేనెందుకవుతాను? అద్దం మీద కూడా ఒక చుక్క కనిపించింది. తుడిస్తే చుక్క పోయి మబ్బు వచ్చింది. మబ్బు తుడిస్తే ఇంకా పెద్ద మబ్బు. అది ప్లాస్టిక్ అద్దమనీ, థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేస్తుందనీ నాకు తట్టేసరికి అద్దమంతా గడ్డపెరుగులా తయారైంది. లోపల కత్తులు ఖణఖణమంటూనే ఉన్నాయి, మనుషులు మాత్రం లేరు.

"ఏం చేసినవ్‌రా?" అంది మా అవ్వ.

"ఏం చెయ్యలే."

"ఏం చెయ్యకుంటే మొఖం గట్లెందుకున్నది? ఆళ్లు రాంగనే ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పలేదు. సెల్లులు ఊడదీసి జేబులో వేసుకున్నాను. మిషన్‌ను రుమాలులో చుట్టి, సాయంత్రం వాళ్లు రాగానే భాయ్ చేతిలో పెట్టాను.

"సెల్లులు అయిపోయినయి భాయ్."

ఈ ఒక్క పూట గడిస్తే తెల్లారి బస్సెక్కుతాడు కదా అని నా ఆలోచన. ఎంత పాడు ఆలోచనో చూడండి.

"గంతేనా. ఫికర్ ఎందుకు తమ్మీ," అని భాయ్ ఇంట్లో కాలు కూడా పెట్టకుండా బజారుకు నడిచాడు. నేను అరుగు మీద కూర్చున్నాను, జేబులో నాలుగు మంచి సెల్లులతో. పక్కన షబానా వేళ్లు విరుచుకుంటూ యుద్ధానికి తయారవుతోంది. అప్పుడైనా నోరు విప్పొచ్చు. విప్పలేదు.

భాయ్ వచ్చి, రుమాలు విప్పి, కొత్త సెల్లులు వేశాడు. సంగీతం మోగింది. అద్దంలో పెరుగు తప్ప ఏమీ లేదు. షబానా మిషన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అబ్బా, దీనికి మామూ వాసనొస్తుంది."

ఇక దాచేదేముంది? జేబులో సెల్లులు తీసి అరుగు మీద పెట్టి అంతా చెప్పేశాను. భాయ్ కొత్త సెల్లులు కూడా ఊడదీసి వాటి పక్కనే పెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేది. షబానా మాత్రం తండ్రి వైపు చూసింది.

"మళ్ల రెండేండ్లకా అబ్బా?"

అది విన్నాక కూర్చోలేకపోయాను. ఇంట్లోకి పరుగెత్తాను. మేం బొమ్మలు చేసే పొనికి కర్ర మెత్తన, పావుగంటలో రెండు కత్తులు చెక్కాను. అన్ని రంగులూ తుడిచి నల్లబడ్డ థిన్నర్ గుడ్డనే మొహానికి కట్టుకుని, ఆ కంపుకు కళ్లు నీళ్లు కారుతుండగా వాళ్ల వాకిట్లో నిలబడ్డాను.

"నేనే నల్లముసుగోన్ని. కొట్టుండ్రి."

భాయ్ నా చేతిలోంచి ఒక కత్తి తీసి షబానాకు ఇచ్చాడు. తర్వాత కూతుర్ని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. రోజూ లాగే ఆయన నడిపాడు, ఆమె కత్తి ఆడించింది. వీధి వీధంతా చేరింది. "గట్టిగ కొట్టు బిడ్డా," అని గోడ మీద నుంచి మా అవ్వ. నెత్తిన నాలుగు పడగానే వాకిట్లో బోర్లా పడ్డాను.

"ఓడిపోయిన బిడ్డా, ఇంక ఇడిసిపెట్టు."

"లే మామూ," అంది షబానా తండ్రి భుజాల మీద నుంచి. "నీకింక రెండు పానాలున్నయి."

ఆ రెండు ప్రాణాలూ పోయాక, వాకిట్లో మట్టి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. చెక్కది కాని దేన్నీ ఈ జన్మలో థిన్నర్‌తో తుడవను. ఒకవేళ తుడిచినా, సెల్లుల మీద నెట్టను.